స్కానర్ ఎడమ పోర్టులో పనిచేస్తోంది, కుడి పోర్టులో కోడ్ 43. డ్రైవర్ తీసేయాలా, పోర్టు మార్పించాలా?

కౌంటర్_తణుకు:

విండోస్ 11 హోమ్ ల్యాప్‌టాప్. ఎడమవైపు యూఎస్‌బీ 3 పోర్టులు రెండు, కుడివైపు యూఎస్‌బీ 2 ఒకటి. వేలిముద్ర స్కానర్ ఎడమవైపు పెడితే రోజంతా పనిచేస్తుంది. కుడివైపు పెడితే తగిలిన శబ్దం వస్తుంది, కాసేపటికి ఊడిన శబ్దం. డివైస్ మేనేజర్‌లో స్కానర్ పేరు పక్కన పసుపు త్రికోణం. ఒకసారి కోడ్ 43 (వస్తువు తప్పు చూపించిందని విండోస్ దాన్ని ఆపేసింది), ఇంకోసారి కోడ్ 10 (వస్తువు మొదలవలేదు). రీస్టార్ట్ చేస్తే అరగంట బాగుంటుంది, మళ్లీ మామూలే. వేలు పెట్టే మనిషి కూర్చునేది కుడివైపు, స్కానర్ వైరు పొట్టిది, కాబట్టి ఎడమవైపుతో సరిపెట్టుకునే వీలు లేదు.

ఇప్పటిదాకా చేసినవి: అన్‌ఇన్‌స్టాల్ డివైస్ కొట్టి రీస్టార్ట్, రెండుసార్లు. అదే డ్రైవర్ తిరిగొచ్చి కూర్చుంది. కొత్త డ్రైవర్ దించి పాతదాని మీదే వేశాను, తేడా లేదు. రిపేరు షాపులో పోర్టు పోయింది మార్చాలన్నారు. కానీ అదే పోర్టులో మౌస్ బాగానే ఆడుతోంది.

తప్పు పోర్టుదా, డ్రైవర్‌దా అనేది ఇంట్లోనే ఎలా తేల్చుకోవాలి? డ్రైవర్‌దే అయితే మళ్లీ రాకుండా పూర్తిగా పీకేయడం ఎలా?

పిన్_5:

మౌస్ ఆడుతోంది కదా అని పోర్టుకు క్లీన్ చిట్ ఇవ్వకండి. మౌస్ లాగే కరెంటు చాలా తక్కువ, దాని వేగం 1.5 లేదా 12 మెగాబిట్లు. స్కానర్ బొమ్మలు పంపాలి కాబట్టి 480 మెగాబిట్ల హైస్పీడ్‌లో నడిచేదై ఉంటుంది, కరెంటూ ఎక్కువ తీసుకుంటుంది. యూఎస్‌బీ 2 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీయాంపులు, యూఎస్‌బీ 3 అయితే 900. పిన్ను సగం పట్టిన పోర్టులో మౌస్ నెట్టుకొస్తుంది, స్కానర్ పడిపోతుంది.

అందుకే ముందు ఇవి చూడండి.

ఒకటి, కుడి పోర్టులో పెన్ డ్రైవ్ పెట్టి 2 జీబీ ఫైలు ఒకటి అటు కాపీ చేసి, మళ్లీ ఇటు కాపీ చేయండి. కాపీ నడుస్తుండగా పెన్ డ్రైవ్‌ను వేలితో పైకీ కిందికీ కొద్దిగా కదపండి. ఆగితే పోర్టు వదులు.

రెండు, లినక్స్ లైవ్ పెన్ డ్రైవ్‌ను ఎడమవైపు పెట్టి బూట్ చేసి, స్కానర్‌ను కుడివైపు పెట్టండి. ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, ట్రై అని ఉండేది చాలు. టెర్మినల్‌లో సుడో డీమెసెజ్ హైఫన్ డబ్ల్యూ నడుపుతూ చూడండి. అక్కడ కూడా డిస్క్రిప్టర్ రీడ్ ఎర్రర్ మైనస్ 71 అనో, మైనస్ 110 అనో వస్తుంటే విండోస్ డ్రైవర్‌కు ఏ సంబంధమూ లేదు. వైరో, పోర్టో, కరెంటో. లినక్స్‌లో స్కానర్ పనిచేయకపోయినా పర్లేదు, దాని వీఐడీ, పీఐడీ (తయారీదారు, మోడల్ గుర్తింపు నంబర్లు) చదివి ఊడకుండా నిలబడిందా అన్నదే చూడాల్సింది.

మూడోది చాలామంది వదిలేసేది. త్రికోణం ఉన్నదాని మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డీటెయిల్స్ ట్యాబ్, అందులో హార్డ్‌వేర్ ఐడీస్. అక్కడ వీఐడీ 0000, పీఐడీ 0002 లాంటిది కనిపిస్తే, పేరు కూడా అన్‌నోన్ యూఎస్‌బీ డివైస్ అని ఉంటే, స్కానర్ ఎవరో కూడా విండోస్‌కు తెలియలేదన్నమాట. డ్రైవర్‌ను వెతికే దశ దాని తర్వాత వస్తుంది. ఆ స్థితిలో స్కానర్ డ్రైవర్ ఎన్నిసార్లు పీకినా దండగే. మీరేమో స్కానర్ పేరు పక్కనే త్రికోణం అంటున్నారు. అంటే గుర్తింపు దాకా వచ్చింది, ఆ తర్వాతే తిరగబడుతోంది. అందుకే నా అనుమానం డ్రైవర్ మీద. పరీక్షలు మాత్రం మానకండి.

హార్డ్‌రీసెట్:

ఇంత రామాయణం ఎందుకు. డివైస్ మేనేజర్‌లో యూనివర్సల్ సీరియల్ బస్ కంట్రోలర్స్ కింద ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా అన్‌ఇన్‌స్టాల్ కొట్టి రీస్టార్ట్ చేయండి. విండోసే అన్నీ మళ్లీ వేసుకుంటుంది.

డ్రైవర్_గోదాం:

హార్డ్‌రీసెట్ గారూ, ఆ చిట్కా ఒక్కోసారి పనిచేస్తుంది, కానీ దానివల్ల పోయేది డ్రైవర్ కాదు. విండోస్ 8 నుంచి యూఎస్‌బీ 3 కంట్రోలర్ డ్రైవర్ మైక్రోసాఫ్ట్‌దే, విండోస్‌తోనే వస్తుంది. కంట్రోలర్ పేరు చివర బ్రాకెట్లో మైక్రోసాఫ్ట్ అని ఉండేది అందుకే. దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేస్తే రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు రాసుకునే చోట) రికార్డు చెరిగి కొత్తది పుడుతుంది, అంతే. పైగా ల్యాప్‌టాప్ లోపలి వెబ్‌క్యామ్, బ్లూటూత్ కూడా చాలావరకు యూఎస్‌బీ మీదే వేలాడుతుంటాయి. కొన్ని మోడళ్లలో కీబోర్డూ అంతే. కంట్రోలర్ తీయగానే బాణం గుర్తు కదలదు, రీస్టార్ట్ నొక్కడానికి దారి ఉండదు. అప్పుడు పవర్ బటనే గతి. ఇది ఆఖరి అస్త్రం, మొదటిది కాదు.

తణుకు గారూ, మీ స్కానర్ రెండు పోర్టుల్లో రెండు రకాలుగా ఎందుకుంటుందో ముందు చెబుతాను. యూఎస్‌బీ వస్తువుకు లోపల సీరియల్ నంబరు ఉంటే, ఏ పోర్టులో పెట్టినా విండోస్ దాన్ని ఒకే వస్తువుగా చూస్తుంది. సీరియల్ నంబరు లేకపోతే పోర్టును బట్టి గుర్తుపెట్టుకుంటుంది. మూడు పోర్టుల్లో పెడితే మూడు రికార్డులు. ఒక్కో రికార్డుకు ఏ డ్రైవర్ అన్నది విడిగా రాసి ఉంటుంది. అందుకే ఎడమ పోర్టు రికార్డు కొత్త డ్రైవర్‌తో, కుడి పోర్టు రికార్డు ఎప్పటిదో పాత డ్రైవర్‌తో ఉండే అవకాశం ఉంది. కొత్త డ్రైవర్ వేసేటప్పుడు స్కానర్ ఎడమవైపు తగిలించి ఉందా? ఉంటే దాదాపు ఇదే కథ.

ఖాయం చేసుకోవాలంటే, డీటెయిల్స్ ట్యాబ్‌లో డివైస్ ఇన్‌స్టెన్స్ పాత్ చూడండి. చివరి ముక్క 5&2389451&0&2 లాగా మధ్యలో & గుర్తులతో ఉంటే సీరియల్ నంబరు లేదు, చివరి అంకె పోర్టు నంబరు. & లేకుండా ఒకే వరుస అంకెలూ అక్షరాలూ ఉంటే అదే సీరియల్ నంబరు. అక్కడే ఐఎన్ఎఫ్ నేమ్ అనే వరుస ఉంటుంది, ఏ డ్రైవర్ ప్యాకేజీ వాడుతోందో చెప్పే ఫైలు పేరు అది. ఎడమవైపు పెట్టి ఒకసారి, కుడివైపు పెట్టి ఒకసారి రాసుకోండి. రెండుచోట్లా ఓఈఎమ్ పక్క నంబరు వేరుగా ఉంటే దొంగ దొరికినట్టే.

అన్‌ఇన్‌స్టాల్ చేసినా తిరిగి రావడం గురించి. డ్రైవర్ ప్యాకేజీ అసలు కాపీ సిస్టమ్32 లోపల డ్రైవర్‌స్టోర్, అందులో ఫైల్‌రిపోజిటరీ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. అన్‌ఇన్‌స్టాల్ డివైస్ కొట్టినప్పుడు డ్రైవర్‌ను తొలగించే ప్రయత్నం చేయమనే చిన్న టిక్ పెట్టకపోతే గోదాంలో సరుకు అలాగే ఉంటుంది. రీస్టార్ట్ అవగానే విండోస్ అదే సరుకు బయటికి తీస్తుంది. ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి చేత్తో డిలీట్ చేయాలని మాత్రం చూడకండి. లెక్క తప్పుతుంది, తర్వాత ఇన్‌స్టాలర్లు మొరాయిస్తాయి.

తీసే పద్ధతి ఇది. కమాండ్లు పలికినట్టు తెలుగులో రాస్తున్నాను, కొట్టేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలే.

ముందు రిస్టోర్ పాయింట్ పెట్టుకోండి. తయారీదారు సైట్ నుంచి కొత్త డ్రైవర్ దించి డెస్క్‌టాప్ మీద ఉంచుకోండి. తర్వాత స్కానర్ వైరు పీకేయండి. పీకకుండా చేస్తే, మీరు ఒక చేత్తో తీస్తుంటే విండోస్ ఇంకో చేత్తో వేస్తూనే ఉంటుంది.

డివైస్ మేనేజర్‌లో వ్యూ మెనూ, షో హిడెన్ డివైసెస్. ఇప్పుడు తగిలించి లేనివన్నీ వెలిసిపోయిన బొమ్మలతో కనిపిస్తాయి, వాటి ప్రాపర్టీస్‌లో కోడ్ 45 ఉంటుంది. అది తప్పు కాదు, ప్రస్తుతం తగిలించి లేదని అర్థం. అందులో స్కానర్ పేరుతో ఉన్నవన్నీ, బయోమెట్రిక్ డివైసెస్ కింద ఉన్నా, యూనివర్సల్ సీరియల్ బస్ డివైసెస్ కింద ఉన్నా, ఒక్కొక్కటే అన్‌ఇన్‌స్టాల్ చేయండి. టిక్ పెట్టే గడి కనిపిస్తే పెట్టండి. కనిపించకపోతే అది విండోస్‌తో వచ్చిన డ్రైవర్, దాని జోలికి పోవద్దు.

తర్వాత టెర్మినల్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి పీఎన్‌పీయుటిల్, స్పేస్, స్లాష్ ఎనమ్ హైఫన్ డ్రైవర్స్. బయటి కంపెనీల ప్యాకేజీల జాబితా మొత్తం వస్తుంది. ప్రొవైడర్ నేమ్ దగ్గర స్కానర్ కంపెనీ పేరున్నవి చూడండి. పబ్లిష్డ్ నేమ్ దగ్గర ఓఈఎమ్27.ఐఎన్ఎఫ్ లాంటిది ఉంటుంది. ఆ నంబరు ఒక్కో మెషీన్లో ఒక్కోలా ఉంటుంది, వేరేవాళ్ల పోస్టులో చూసి కొట్టకండి. వై-ఫై డ్రైవర్ ఎగిరిపోవచ్చు.

తీసేముందు ఒక కాపీ: పీఎన్‌పీయుటిల్, స్లాష్ ఎక్స్‌పోర్ట్ హైఫన్ డ్రైవర్, ఆ ఐఎన్ఎఫ్ పేరు, ముందే చేసి పెట్టుకున్న ఖాళీ ఫోల్డర్ దారి. ఆ తర్వాత పీఎన్‌పీయుటిల్, స్లాష్ డిలీట్ హైఫన్ డ్రైవర్, ఐఎన్ఎఫ్ పేరు, స్లాష్ అన్‌ఇన్‌స్టాల్. చివర స్లాష్ ఫోర్స్ తగిలించమని కొన్ని వీడియోల్లో చెబుతుంటారు, వద్దు. వాడుకలో ఉన్న డ్రైవర్‌ను కూడా మారుమాట లేకుండా లేపేస్తుంది.

ఆ తర్వాత రీస్టార్ట్. షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం కాదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ తన కెర్నెల్‌ను (లోపలి ముఖ్యభాగాన్ని) డిస్క్ మీద దాచుకుని మళ్లీ అదే తెరుస్తుంది, డ్రైవర్లతో సహా. రీస్టార్ట్ మాత్రమే మొదటి నుంచి మొదలెడుతుంది.

చివరికి కొత్త సెటప్ నడిపి, అది పూర్తయ్యాకే స్కానర్‌ను కుడి పోర్టులో పెట్టండి.

కౌంటర్_తణుకు:

పెన్ డ్రైవ్ 2 జీబీ రెండువైపులా కాపీ అయింది, కదిపినా ఆగలేదు. లినక్స్‌లో స్కానర్ ఇరవై నిమిషాలు నిలబడింది, ఎర్రర్ ఒక్కటీ లేదు.

ఇన్‌స్టెన్స్ పాత్ మీరు చెప్పినట్టే & గుర్తులతో ఉంది. ఎడమవైపు ఓఈఎమ్41, కుడివైపు ఓఈఎమ్18. 18 తేదీ 2017, 41 తేదీ 2023. హిడెన్‌లో స్కానర్ పేరుతో వెలిసిపోయినవి ఏడు!

ఓఈఎమ్18 డిలీట్ చేయబోతే, ఈ ఐఎన్ఎఫ్ వాడుతున్న డివైస్‌లు ఒకటో అంతకంటే ఎక్కువో ఉన్నాయని చెప్పి ఆగిపోయింది. వైరు పీకే ఉంది. ఇప్పుడు ఫోర్స్ వాడనా?

డ్రైవర్_గోదాం:

వద్దు. స్లాష్ అన్‌ఇన్‌స్టాల్ రాయడం మరచిపోయి ఉంటారు, ఆ సందేశం వచ్చేది అప్పుడే. వైరు పీకినా వెలిసిపోయిన రికార్డులు ఆ ప్యాకేజీని పట్టుకునే ఉంటాయి. ఏడూ తీసేశారా, ఒకటి రెండు మిగిలాయా చూడండి. ఏవి మిగిలాయో దొరక్కపోతే పీఎన్‌పీయుటిల్, స్లాష్ ఎనమ్ హైఫన్ డివైసెస్, స్లాష్ డిస్‌కనెక్టెడ్ కొట్టండి, డ్రైవర్ పేరుతో సహా జాబితా ఇస్తుంది. పని మధ్యలో స్కానర్ ఆర్‌డీ సర్వీస్ (ఆధార్ వేలిముద్రల కోసం వెనకాల నడిచే ప్రోగ్రామ్) నడుస్తుంటే సర్వీసెస్‌లోకి వెళ్లి ఆపండి, అది స్కానర్ కోసం వెతుకుతూనే ఉంటుంది.

41ని కూడా తీసి, తాజాగా వేయండి. రెండూ పోయాక వేస్తే అనుమానానికి తావుండదు.

సిగ్నల్_శాస్త్రి:

పైవన్నీ చేశాక కూడా కోడ్ 19 లేదా 39 వస్తే ఫిల్టర్ డ్రైవర్లు చూడాలి. యూఎస్‌బీ ట్రాఫిక్ పట్టే టూల్స్, వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్, ఆఫీసుల్లో పెన్ డ్రైవ్‌లు బ్లాక్ చేసే సాఫ్ట్‌వేర్ ఇవన్నీ యూఎస్‌బీ దారిలో నడిమధ్య కూర్చునే ఫిల్టర్లు పెడతాయి. సాఫ్ట్‌వేర్ తీసేసినా రిజిస్ట్రీలో ఫిల్టర్ పేరు ఉండిపోతుంది, ఫైలు మాత్రం ఉండదు. విండోస్ ఆ పేరు చదివి, ఫైలు దొరక్క, మొత్తం దారినే మూసేస్తుంది. ఒక్క స్కానర్ కాదు, అన్ని పోర్టులూ ఒకేసారి పోవడం దీని గుర్తు.

చూడాల్సిన చోటు: హెచ్‌కే లోకల్ మెషీన్, సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, కంట్రోల్, క్లాస్, అందులో 36ఎఫ్‌సీ9ఈ60 తో మొదలయ్యే కీ. కుడివైపు అప్పర్‌ఫిల్టర్స్, లోవర్‌ఫిల్టర్స్ అనేవి ఉన్నాయేమో చూడండి. మార్చేముందు ఆ కీని ఎక్స్‌పోర్ట్ చేయండి. అందులో ఉన్న పేరుతో సిస్టమ్32 డ్రైవర్స్ ఫోల్డర్‌లో సిస్ ఫైలు లేకపోతేనే ఆ పేరు ఒక్కటి తీసేయండి. వరుస మొత్తం లేపేస్తే బతికున్న సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ ఫిల్టర్ కూడా పోతుంది. తణుకు గారి కేసులో కోడ్ 10, 43 మాత్రమే కాబట్టి ఇక్కడికి రావాల్సిన పని లేదనుకుంటాను.

విండోస్ ఏ డ్రైవర్‌ను ఎందుకు ఎంచుకుందో తెలియాలంటే ఐఎన్ఎఫ్ ఫోల్డర్‌లో సెటప్ఏపీఐ.డెవ్.లాగ్ అనే ఫైలు ఉంటుంది. స్కానర్ తగిలించిన సమయం దగ్గర చదవండి. పోటీపడిన ప్యాకేజీలూ, వాటి ర్యాంకులూ అక్కడ రాసి ఉంటాయి.

కౌంటర్_తణుకు:

ఏడు రికార్డులూ, రెండు ప్యాకేజీలూ పోయాయి. రీస్టార్ట్, కొత్త సెటప్, తర్వాత కుడి పోర్టు. త్రికోణం రాలేదు. కోడ్ 10, 43 రెండూ పోయాయి. గంటన్నర వరసగా వేలిముద్రలు తీసినా ఊడలేదు.

కానీ జనం లేనప్పుడు పావుగంట వదిలేస్తే తర్వాతి వేలికి స్పందించడం లేదు. తీసి పెడితే వస్తుంది. డివైస్ మేనేజర్‌లో తప్పేమీ చూపించడం లేదు.

పిన్_5:

అది వేరే జబ్బు. ఖాళీగా ఉన్న యూఎస్‌బీ వస్తువును విండోస్ నిద్రపుచ్చుతుంది. లేపినప్పుడు కొన్ని సరిగా లేవవు.

కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, ప్లాన్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్. అందులో యూఎస్‌బీ సెట్టింగ్స్ కింద సెలెక్టివ్ సస్పెండ్‌ను ప్లగ్డ్ ఇన్ దగ్గర డిజేబుల్ చేయండి. బ్యాటరీ మీదా అలాగే చేస్తే చార్జింగ్ కాస్త త్వరగా అయిపోతుంది, కౌంటర్ దగ్గర చార్జర్ ఎలాగూ ఉంటుంది. తర్వాత డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ (పోర్టులన్నీ కలిసే చోటు) ప్రాపర్టీస్, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్, కరెంటు ఆదా కోసం ఆపేయవచ్చన్న టిక్ తీసేయండి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఆ ట్యాబ్ అసలు ఉండదు. పవర్‌సీఎఫ్‌జీ, స్పేస్, స్లాష్ ఏ కొడితే ఎస్0 (కొత్తరకం నిద్ర పద్ధతి) అని వచ్చే రకాల్లో మాయమవుతుంటుంది. కంగారు పడకండి. సెట్టింగ్స్, బ్లూటూత్ అండ్ డివైసెస్, యూఎస్‌బీలో బ్యాటరీ సేవర్ ఆపడం, పవర్ ప్లాన్ మార్చడం ఈ రెండూ చేసి చూడండి.

బోర్డు_బావ:

నేను బోర్డు పని చేస్తాను కాబట్టి పోర్టు పక్షాన ఒక మాట. ఈ కేసులో షాపువాళ్ల మాట తప్పయింది, సరే. కానీ చాలా ల్యాప్‌టాప్‌లలో ఒకవైపు పోర్టులు మదర్‌బోర్డు మీద, రెండోవైపువి చిన్న డాటర్ బోర్డు మీద ఉంటాయి. మధ్యలో పల్చటి రిబ్బన్ కేబుల్. ఒకవైపు పోర్టులన్నీ ఒకేసారి వస్తూ పోతూ ఉంటే పోర్టు మార్చేముందు ఆ రిబ్బన్ చూడమనండి. కనెక్టర్ లాక్ పైకెత్తి, రిబ్బన్ తీసి, మొనలు 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, నిటారుగా పెట్టి లాక్ వేస్తే చాలాసార్లు అక్కడితో అయిపోతుంది. అంతకంటే ముందు బ్యాటరీ కనెక్టర్ పీకాలి, ఇది మరిస్తే బోర్డుకే ఎసరు.

పోర్టు లోపల ప్లాస్టిక్ నాలుక విరిగినా, పిన్నులు వంగి ఒకదానికొకటి తగిలినా, వేరే ఏదీ అందులో పెట్టొద్దు. 5 వోల్టుల పిన్ను గ్రౌండ్‌కు తగిలితే ఓవర్‌కరెంట్ అని చూపించి ఆ గుంపు పోర్టులన్నీ ఆగిపోతాయి. అలా ఆగినప్పుడు చార్జర్ తీసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకుని, మళ్లీ ఆన్ చేస్తే తిరిగొస్తాయి, పిన్నులు ఇంకా తగులుకుని ఉంటే మళ్లీ పోతాయి.

అన్నట్టు వైర్‌లెస్ మౌస్ డాంగిల్‌ను ఎడమవైపు యూఎస్‌బీ 3 పెన్ డ్రైవ్ పక్కనే పెడితే బాణం తడబడుతుంది. యూఎస్‌బీ 3 రొద 2.4 గిగాహెర్ట్జ్‌లో పడుతుంది, ఇంటెల్ 2012లోనే దీని మీద పేపర్ వేసింది. అక్కడ కూడా డ్రైవర్ పీకేవాళ్లున్నారు. డాంగిల్‌ను చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో జరిపితే చాలు.

కౌంటర్_తణుకు:

సెలెక్టివ్ సస్పెండ్ ఆపాను, టిక్ తీశాను. రెండు రోజులు చూశాను, పావుగంట ఖాళీ తర్వాత కూడా మొదటి వేలికే పడుతోంది. అందరికీ ధన్యవాదాలండీ.

చివరగా ఇంకో చిన్నది. ఈ గొడవలో ప్రింటర్‌ను ఎడమవైపే ఇంకో పోర్టులోకి మార్చాను. ఇప్పుడు ప్రింటర్ పేరు చివర కాపీ 1 అని ఇంకొకటి వచ్చింది, పాతది ఆఫ్‌లైన్ అంటోంది. మీసేవ సాఫ్ట్‌వేర్‌లో పాతదే సెట్ అయి ఉంది.

డ్రైవర్_గోదాం:

అదే సూత్రం, సీరియల్ నంబరు లేని ప్రింటర్, కొత్త పోర్టు, కొత్త రికార్డు. ఇక్కడ డ్రైవర్ తీయక్కర్లేదు. పాత ప్రింటర్ మీద ప్రింటర్ ప్రాపర్టీస్, పోర్ట్స్ ట్యాబ్. యూఎస్‌బీ001 దగ్గర టిక్ ఉంటుంది, యూఎస్‌బీ002కు మార్చి అప్లై కొట్టండి. టెస్ట్ పేజీ వచ్చాక కాపీ 1 తీసేయండి. లేదా వైరు పాత పోర్టుకే మార్చేయండి, ఏదైనా ఒకటే. ఇకనుంచి ఏ పోర్టులో ఏది అన్నది స్టిక్కర్ అంటించుకోండి.

విండోస్ అప్‌డేట్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ఆప్షనల్ అప్‌డేట్స్ కింద స్కానర్ డ్రైవర్ పేరు కనిపిస్తే వెర్షన్ చూడకుండా టిక్ పెట్టకండి. అక్కడ ఒక్కోసారి పాతవే ఉంటాయి. పెడితే 2017ది మళ్లీ గోదాంలోకి దిగొచ్చు.